గ్రీనిచ్‌లో ఒంటిగంట

పిల్లలూ, లండను వెళ్ళివచ్చిన వారిని ఎవరినైనా ఏం చూచారని అడగండి. రాజభవనం, నదిమీద రెండుగా తెరుచుకునే వంతెన, పెద్ద గడియారపు గోపురం అని వరసగా చెబుతారు. 2018 వేసవిలో మా అమ్మాయి ఇంట్లో రెండు నెలలు ఉన్నప్పుడు నేనూ అవన్నీ చూచాను. గోపురానికి అప్పుడు మరమ్మతులు జరుగుతున్నాయి. గడియారం కంటే పరంజాలే ఎక్కువ కనిపించాయి. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న మన అమరావతి శిల్పాల సంగతి చెప్పాలంటే మరో వ్యాసమే కావాలి. ఇప్పుడు మాత్రం గ్రీనిచ్ సంగతి చెబుతాను.

మాది కాకినాడ దగ్గర పల్లెటూరు. మోకాళ్ళ నొప్పుల వల్ల మా ఇంటావిడ నాతో రాలేకపోయింది. లండనులో ఒక రాత్రి మా మనవడు, తొమ్మిదేళ్ళవాడు, నా పక్కన పడుకుని, "తాతయ్యా, అమ్మమ్మకు నేనంటే ఇష్టం లేదు కదూ?" అన్నాడు.

"ఎందుకురా అలా అంటావు?"

"నేను ఫోనులో మాట్లాడుతూంటే ఆవులిస్తుంది. రెండు మాటలు కాగానే అమ్మకు ఇమ్మంటుంది."

వాడు బడినుంచి వచ్చి, ఏదో తిని, ఫోను చేసేసరికి అయిదవుతుంది. అప్పుడు మా ఊళ్ళో రాత్రి తొమ్మిదిన్నర. చలికాలంలో అయితే పదిన్నర. తెల్లవారుజామున నాలుగింటికే లేచి కళ్ళాపి చల్లే మనిషి ఆవిడ. ఈ మాటే వాడికి చెప్పాను. "ఆ లెక్క నాకు తెలుసు, తాతయ్యా" అని అటు తిరిగి పడుకున్నాడు. లెక్క తెలిసినా మనసులో ముల్లు పోలేదని నాకు అర్థమైంది. ముప్పయ్యేళ్ళు పిల్లలకు భూగోళం చెప్పినవాణ్ణి. లెక్కను కంటితో చూపించే చోటు ఆ ఊళ్ళోనే ఉండగా ఊరుకుంటానా?

ఆ శనివారం అమ్మాయి, మనవడు, నేను బయలుదేరాం. థేమ్స్ నది కింద 1902లో తెరిచిన కాలినడక సొరంగం ఒకటి ఉంది. గోడలకు తెల్లని పింగాణీ పలకలు. తలమీద ఒక నది మొత్తం పారుతూ ఉంటుంది. అందులోంచి నడిచి ఆవలి ఒడ్డుకు చేరి, గుట్ట ఎక్కాం. గుట్టమీద 1675లో కట్టించిన వేధశాల ఉంది.

అక్కడి ముంగిట్లో నేలమీద లోహపు గీత ఒకటి అమర్చారు. అదే సున్నా డిగ్రీల రేఖాంశం. 1884లో 25 దేశాల ప్రతినిధులు వాషింగ్టనులో సమావేశమై, రేఖాంశాలన్నిటినీ ఈ గీతనుంచే లెక్కించాలని తీర్మానించారు. మా వాడు ఒక కాలు తూర్పున, ఒక కాలు పడమరన పెట్టి నిలబడ్డాడు.

లోపల ఉన్న గడియారాల దగ్గర నేను చాలాసేపు నిలబడిపోయాను. 1707లో సిల్లీ దీవుల దగ్గర నాలుగు ఇంగ్లీషు యుద్ధనౌకలు రాళ్ళకు కొట్టుకుని మునిగాయి. వెయ్యిమందికి పైగా చనిపోయారు. తామెక్కడ ఉన్నదీ నావికులకు సరిగా తెలియకపోవడమే కారణం. రేఖాంశం కనుక్కునే ఉపాయం చెప్పినవారికి ఇరవై వేల పౌన్ల దాకా బహుమతి ఇస్తామని 1714లో పార్లమెంటు ప్రకటించింది. ఉపాయం మాటల్లో తేలికే. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది; అంటే డిగ్రీకి నాలుగు నిమిషాలు. బయలుదేరిన ఊరి టైము చూపే గడియారం ఓడలో ఉంటే, సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు దాన్ని చూచి, తేడా లెక్కవేసుకోవచ్చు. కాని ఓడ ఊగినా, ఎండ కాసినా, చలివేసినా తప్పని గడియారం ఎవరు చెయ్యాలి? జాన్ హారిసన్ అనే వడ్రంగి చేశాడు. ఆయన మొదటి గడియారం బరువు 34 కిలోలు. 1759లో ముగించిన నాలుగోది అరచేతికి కాస్త పెద్దది, అంతే! పండితులు ఆయన్ను చాలా ఏళ్ళు తిప్పించుకున్నారు. చదువుకున్నవారు చేతిపనివాణ్ణి నమ్మడానికి ఎప్పుడూ ఆలస్యమే.

ఒంటిగంట కావస్తూంటే గేటు దగ్గరికి వచ్చాం. భవనం కొప్పున ఒక స్తంభం, దానికి ఎర్రని పెద్ద బంతి ఉన్నాయి. 1833నుంచి నదిలోని ఓడలవారు ఆ బంతి జారడం చూచి గడియారాలు సరిచేసుకునేవారు. అయిదు నిమిషాలు ముందుగా బంతి సగందాకా లేచింది. రెండు నిమిషాలుండగా కొసకు చేరింది. సరిగ్గా ఒంటిగంటకు జారిపోయింది.

"తాతయ్యా, గేటు గడియారం తప్పు! ఆరు చూపిస్తోంది!" అని మా వాడు అరిచాడు.

ఆ గడియారంలో 24 గంటలుంటాయి. పన్నెండు అడుగున ఉంటుంది. వేసవిలో ఆ దేశంలో గడియారాలన్నీ గంట ముందుకు తిప్పుతారు గాని, ఈ ఒక్కదాన్నీ తిప్పరు. కనుక అది చూపిస్తున్నది గ్రీనిచ్ మధ్యాహ్నం పన్నెండు. "మన దేశపు టైముకు ఆధారమైన రేఖ 82½ డిగ్రీలు. అది మా కాకినాడ దగ్గరనుంచే పోతుంది. నాలుగుతో హెచ్చవెయ్యి" అన్నాను.

"330 నిమిషాలు. అయిదున్నర గంటలు. అక్కడ ఇప్పుడు సాయంత్రం అయిదున్నర!"

"అమ్మమ్మను పిలు" అన్నాను.

ఫోను తెరమీద మా పెరడు కనిపించింది. ఆవిడ మల్లెమొక్కలకు నీళ్ళు పోస్తోంది. కొబ్బరిచెట్ల వెనక ఎండ పచ్చగా ఉంది. ఆవిడ నీడ గోడదాకా సాగింది. మా వాడు తన కాళ్ళ దగ్గరి పొట్టి నీడను ఆవిడకు చూపించాడు. తరువాత గొంతు తగ్గించి, "అమ్మమ్మా, నేను రోజూ ఫోను చేసేటప్పుడు నీకు నిద్రవేళ కదా, పడుకోవచ్చుగా?" అన్నాడు.

"పడుకుంటే నీ మాట ఎవరు వింటారు, నాన్నా?" అంది ఆవిడ.

మేమిద్దరం పక్కకు వెళ్ళి కూర్చున్నాం. వాళ్ళ కబుర్లు అరగంట సాగాయి.

ఆ తరువాత వాడు అదే ఫోనులో రేఖాంశం చూచి, గీతమీద సున్నా రావడం లేదన్నాడు. నిజమే. ఉపగ్రహాల లెక్కప్రకారం సున్నా అక్కడికి 102 మీటర్లు తూర్పున ఉంటుంది. 1851నాటి దుర్భిణిని అక్కడి భూమ్యాకర్షణ దిశనుబట్టి నిలువుగా నిలిపారు. ఆ దిశ భూకేంద్రానికి సూటిగా పోదు, రవంత వాలుగా ఉంటుంది. ఉపగ్రహాలు భూకేంద్రంనుంచి లెక్కవేస్తాయి. సున్నాను వెతుక్కుంటూ పార్కులో పచ్చికమీద తూర్పుకు నడిచాం. అక్కడ గీతా లేదు, జనమూ లేదు.

గుట్ట దిగేసరికి ఆకలి దంచేస్తోంది. మన బజ్జీలాగా పిండిలో ముంచి వేయించిన కాడ్ చేప, లావుపాటి బంగాళాదుంప ముక్కలు తెప్పించారు. మీద ఉప్పు, పులుపుకు వెనిగరు. ఉడికించి మెదిపిన పచ్చబఠాణీ, పోపు మరిచిపోయిన పప్పులా ఉంది. చేప మాత్రం మెత్తగా, కమ్మగా ఉంది, కారమే లేదు. గోదావరి చేపల ముళ్ళు ఏరుకోవడం అలవాటైన చేతికి అందులో పని లేకపోయింది.

నేను తిరిగి వచ్చాక, శనివారం శనివారం మాకు సాయంత్రం అయిదున్నరకు, వాడికి ఒంటిగంటకు ఫోను వచ్చేది. అక్టోబరు ఆఖరి ఆదివారం ఆ దేశంలో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఆ పై శనివారం ఫోను ఆరున్నరకు వస్తుందేమో, దీపం పెట్టుకుని కూర్చుంటానని మా ఇంటావిడ అంది. అయిదున్నరకే మోగింది. "అమ్మమ్మా, ఇక్కడ పన్నెండే. నేనింకా అన్నం తినలేదు" అన్నాడు మా వాడు.