ఇద్దరు చాలన్న తర్వాత

తెలుగు నేల మీద చిన్న కుటుంబ విధానం ప్రధానంగా రెండు దారుల్లో నడిచింది. ఒకటి ట్యూబెక్టమీ, జనం మాటలో పిల్లల ఆపరేషన్. రెండోది పంచాయతీ ఎన్నికల నామినేషన్ పత్రం. మొదటిది స్వచ్ఛందమని పేరు, రెండోది చట్టం. వరంగల్, హనుమకొండల్లో ప్రసూతి వైద్యం చేసే డాక్టర్లకు ఈ రెండింటి ఫలితాలూ ప్రభుత్వ నివేదికల కంటే ముందే ఓపీలో కనిపించాయి.

దేశంలో కుటుంబ నియంత్రణ కార్యక్రమం 1952లో మొదలైంది. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. వాటిలో 60 లక్షలకు పైగా మగవారికి చేసిన వేసెక్టమీలే. బలవంతం మీద జనం కోపం 1977 ఎన్నికల్లో బయటపడింది. ఆ తర్వాత ఏ ప్రభుత్వమూ మగవాళ్ల జోలికి గట్టిగా పోలేదు. లక్ష్యాలు మాత్రం అలాగే ఉన్నాయి, బల్ల మీదికి ఆడవాళ్లు వచ్చారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లో సొంత జనాభా విధానం ప్రకటించింది. ఒక్కో స్త్రీకి సగటు సంతానం 1992-93లో 2.6 ఉండగా 2005-06 నాటికి 1.8కి దిగింది. కేరళలోనూ జననాలు తగ్గాయి, కానీ అక్కడ ఆడవాళ్ల చదువు ముందు వచ్చింది. ఇక్కడ 2001 జనాభా లెక్కల నాటికి ఆడవారి అక్షరాస్యత 50 శాతమే. చదువు చేయాల్సిన పనిని ఆపరేషన్ చేసిందనుకోవాలి.

దీనివల్ల జరిగిన మేలును తక్కువ చేయకూడదు. ఐదో కాన్పు, ఆరో కాన్పు అంటూ తండాల నుంచి జీపుల్లో వచ్చే కేసులు ఒకప్పుడు వరంగల్ సీకేఎం ఆస్పత్రికి కొత్త కాదు. గర్భసంచి చిట్లి, కాన్పు తర్వాత రక్తస్రావం ఆగక, రక్తం దొరికేలోపే ప్రాణం పోయేది. అలాంటి కేసులు నేటి పీజీ విద్యార్థులకు అరుదు. 2018-20 లెక్క ప్రకారం తెలంగాణలో లక్ష సజీవ జననాలకు మాతృమరణాలు 43. ఆస్పత్రి కాన్పులు, 108 వాహనాలు పెరగడం దీనికి ఒక కారణం, కాన్పుల సంఖ్య తగ్గడం మరొకటి.

అయితే జననాలు తగ్గాయి గాని, పెళ్లి వయసు అదే వేగంతో పెరగలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 20-24 ఏళ్ల స్త్రీలలో దాదాపు నాలుగో వంతు మందికి 18 నిండకుండానే పెళ్లయింది. కాబట్టి వరస ఇలా సాగుతుంది. పదిహేడు, పద్దెనిమిదికి పెళ్లి, ఏడాదికి మొదటి కాన్పు, రెండేళ్లకు రెండోది, వెంటనే కుటుంబ నియంత్రణ ఆపరేషన్. సగటున 23, 24 ఏళ్లకే ఆ పని పూర్తవుతుంది. మధ్యలో ఎడం పాటించే మాత్రలు, కాపర్-టీ, నిరోధ్ దాదాపు లేవు. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ప్రతి 100 మంది స్త్రీలలో 70 మందికి, తెలంగాణలో 62 మందికి ట్యూబెక్టమీ జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో మిగతా ఆధునిక పద్ధతులన్నీ కలిపినా ఇద్దరు కూడా తేలరు. తెలంగాణలో సగానికి మించి కాన్పులు సిజేరియన్లే కనుక, రెండో పెద్దాపరేషన్‌లోనే పొట్ట తెరిచి ఉండగా ట్యూబులు కట్టేయడం మామూలైంది. సంతకం ఎక్కువసార్లు భర్తదో అత్తదో. ఆమెను అడిగేది చివర్న, అదీ నొప్పులు పడుతుండగా.

ఈ ఆపరేషన్లను మూకుమ్మడిగా చేసే క్యాంపుల సంగతి వేరు. డీపీఎల్ అనే లాప్రోస్కోపీ పద్ధతిలో ఒక్కో ఆపరేషన్ కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. చేతికి అలవాటైన సర్జన్‌కు అదేమీ కష్టం కాదు. కష్టమంతా రెండు ఆపరేషన్ల మధ్య పరికరాన్ని శుద్ధి చేయడంలోనే ఉంది. క్రిమిసంహారక ద్రావణంలో అది నానాల్సిన సమయాన్ని బయట వరండాలో బారులు తీరిన తల్లులు, వారిని తీసుకొచ్చిన ఏఎన్‌ఎంలు, సాయంత్రంలోగా పంపాల్సిన అంకెలు కలిసి కుదించేస్తాయి. 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో ఇలాంటి క్యాంపుల్లో ఆపరేషన్ చేయించుకున్న పదమూడు మంది స్త్రీలు చనిపోయారు. క్యాంపులను మూడేళ్లలో ఆపేయాలని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది. అయినా 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒక్కరోజే 34 మందికి డీపీఎల్ చేశారు, నలుగురు మరణించారు.

ఆపరేషన్ తర్వాతి జీవితం ఏ లెక్కలోనూ ఉండదు. ఇరవై ఆరేళ్ల స్త్రీ, పక్కన భర్త, చేతిలో పాత డిశ్చార్జి కాగితం. బిడ్డ డెంగీతోనో, చెరువులో పడో, రోడ్డు మీదో పోయి ఉంటుంది. మళ్లీ పిల్లలు కావాలి. ఇలాంటి కేసుల్లో డాక్టర్ మొదట వెతికేది ట్యూబులను ఎలా కట్టారన్న వివరం. రింగు వేసి ఉంటే ట్యూబు తక్కువే దెబ్బతింటుంది, దాన్ని తిరిగి కలిపే రీకెనలైజేషన్‌కు అవకాశం మెరుగు. ఎక్కువ ముక్క కత్తిరించి ఉంటే, మిగిలిన ట్యూబు నాలుగు సెంటీమీటర్లకు తగ్గితే ఆశ తక్కువ. ఆ వివరం డిశ్చార్జి కాగితంలో తరచుగా ఉండదు. విఫలమైతే మిగిలింది సంతాన సాఫల్య కేంద్రం. అక్కడి ఖర్చు పత్తి రైతుకు ఎకరం అమ్మినంత.

రెండో రకం కేసు మరీ ఎక్కువ. ముప్ఫై రెండేళ్ల కూలీ, నడుం నొప్పి, తెల్లబట్ట, ముట్టు సరిగా రాకపోవడం. ఊళ్లో ఆర్‌ఎంపీ చెప్పి పంపితే పట్నం వచ్చింది, స్కాన్ అయింది, గర్భసంచి తీసేయమంటోంది. వద్దంటే ఆమె అడిగే ప్రశ్న ఒక్కటే: “పిల్లల ఆపరేషన్ అయిపాయె, ఇంక ఆ సంచితో పనేంది మేడం?” ట్యూబెక్టమీ వల్ల గర్భసంచి చెడిపోదు. నడుం నొప్పికి దాన్ని తీయడం చికిత్స కూడా కాదు. కానీ సంచి పని అయిపోయిందన్న భావం ఆ ఆపరేషన్‌తోనే మొదలవుతుంది. తెలంగాణలో 15-49 ఏళ్ల స్త్రీలలో 8 శాతానికి పైగా గర్భసంచి తీయించుకున్నవారే. దేశ సగటు 3 శాతం చిల్లర. అండాశయాలు కూడా పోతే ముప్ఫై అయిదుకే ఎముకలు గుల్లబారడం, వేడి ఆవిర్లు, ఆ పైన కూలికి పోలేకపోవడం. ఈ విషయంలో వైద్యవృత్తి కూడా తప్పు పంచుకోవాలి. కోరింది కదా అని చేసేవాళ్లు లేకపోతే ఈ అంకె ఇంత ఉండేది కాదు.

ఇక నామినేషన్ పత్రం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలున్నవారిని పోటీకి అనర్హులను చేసింది. చట్టం వచ్చిన ఏడాది లోపల, అంటే 1995 మే నెలాఖరు దాకా పుట్టినవారిని మినహాయించింది. తెలంగాణ 2018లో సొంత చట్టం చేసుకున్నా ఈ నిబంధనను ఉంచుకుంది. అమలులో తమాషా ఏమిటంటే, నలుగురైదుగురు పిల్లలున్న పాత తరం పెద్దమనిషి నిక్షేపంగా సర్పంచ్ కాగలిగేవాడు. ముగ్గురు పిల్లలున్న ముప్ఫై ఏళ్ల ఆడమనిషికి తలుపు మూసుకునేది. తెలంగాణ పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లవే కనుక దెబ్బ వాళ్లమీదే పడింది. రిజర్వేషన్ జాబితా బయటికి రాగానే ఆస్పత్రుల్లో కొన్ని వింత విన్నపాలు మొదలయ్యేవి. పాత కాన్పుల రిజిస్టరు చూసి పుట్టిన తేదీ ఇమ్మని ఒకరు, ఆ పేజీ దొరకలేదని రాసిమ్మని వేరొకరు. అయిదో నెలలో ఉన్న మూడో గర్భాన్ని తీయించాలని వచ్చే భర్తలూ ఉండేవారు. మూడో బిడ్డను బంధువులకు దత్తతిచ్చినట్టు కాగితం పుట్టించడం పాత ఉపాయం. దత్తతిచ్చినా అనర్హత పోదని 2018లో ఒడిశా సర్పంచ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆంధ్రప్రదేశ్ సహా అయిదు రాష్ట్రాల్లో నిర్మలా బుచ్ ఆధ్వర్యంలో జరిగిన అధ్యయనం భార్యలను వదిలేయడం, గర్భస్రావాలు, బిడ్డలను దాచడం వంటివన్నీ నమోదు చేసింది. ఆ నిబంధన వల్ల జననాలు తగ్గాయా అంటే, అప్పటికే అవి తగ్గుతున్నాయి.

ఇద్దరే అన్నచోట ఒకరైనా కొడుకు కావాలన్న కోరిక స్కానింగ్ గది దాకా నడిపిస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో ఆరేళ్లలోపు ప్రతి వెయ్యి మంది మగపిల్లలకు ఆడపిల్లలు 2001లో 961 ఉండగా, 2011 నాటికి 939కి పడిపోయారు. ఒకరో ఇద్దరో ఆడపిల్లలతో ఆపరేషన్ చేయించుకున్న తల్లిదండ్రులకు 2005లో బాలికా సంరక్షణ పథకం కింద డిపాజిట్లు ఇవ్వజూపారు. కట్నం ముందు ఆ సొమ్ము నిలవలేదు.

కుటుంబం చిన్నదైతే చేతిలో మిగిలే డబ్బు ఎటు పోయిందో వరంగల్‌లో ఎవరైనా చెప్పగలరు. ఇంగ్లీషు మీడియం స్కూలు, ఇంటర్ కార్పొరేట్ కాలేజీ, ఇంజనీరింగ్, ఆ పైన వీసా. అమ్మానాన్నలు అక్షరం రాని ఇళ్ల నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఒక్క తరంలో తయారయ్యారు. ఇద్దరే కనుక వీలైంది. ఆ ఇద్దరూ హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉంటే, తుంటి విరిగిన తల్లికి ఆస్పత్రిలో తోడుగా వచ్చేది పక్కింటివారు. సంతకం చేయాల్సినవాళ్లు వీడియో కాల్‌లో ఉంటారు.

రాష్ట్రాల స్థాయిలోనూ పేచీ ఉంది. 1971 లెక్కల మీద స్తంభింపజేసిన లోక్‌సభ సీట్ల పంపకాన్ని 2026 తర్వాతి జనగణన దాకా కదపరాదని 2002లో రాజ్యాంగాన్ని సవరించారు. జననాలు తగ్గించుకున్న దక్షిణాదికి పునర్విభజనంటే భయం అందుకే. కేంద్ర పన్నుల వాటా పంచడానికి 15వ ఆర్థిక సంఘం 1971ని వదిలి 2011 జనాభాను తీసుకుంది. జనాభా అదుపుకు 12.5 శాతం మార్కులు వేసినా తెలంగాణ వాటా 2.437 నుంచి 2.102 శాతానికి తగ్గింది. తలసరి ఆదాయం పెరగడం కూడా ఇందుకు కారణమేనన్నది మరువరాదు.

ఇప్పుడు గాలి తిరిగింది. ఇద్దరు పిల్లల నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024 నవంబరులో ఎత్తేసింది, 2025లో తెలంగాణ కూడా అదే బాట పట్టింది. ఎక్కువ మందిని కనండని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు బహిరంగంగానే అంటున్నారు. 1997 జనాభా విధానమూ ఆయన హయాంలోదే. చైనా ఇంతకంటే కఠినంగా వెళ్లి 2016లో ఇద్దరికి, 2021లో ముగ్గురికి అనుమతిచ్చింది, అయినా 2022 నుంచి అక్కడ జనాభా తగ్గుతూనే ఉంది. వరంగల్‌లో ఇరవై రెండుకే ఆపరేషన్ అయిన తల్లికి ఈ పిలుపుతో పని లేదు. పని ఉన్నది ఆమె కూతురికి. ఆమె ఇరవై ఏడుకు పెళ్లి చేసుకుంది, మొదటి కాన్పు సిజేరియన్. హనుమకొండకు పుట్టింటి కాన్పుకు వచ్చి, డిశ్చార్జికి ముందు కాపర్-టీ గురించి తనే అడుగుతోంది. తల్లి ఎరగని పద్ధతి అది. రెండో బిడ్డ ఎప్పుడంటే, నర్సరీ ఫీజు, బిడ్డను చూసుకోవడానికి అత్తగారు హైదరాబాద్ వచ్చి ఉంటారా లేదా అన్న సంగతి తేలాక ఆలోచిస్తామంటోంది.