ఆ ఫొటో ఏ నెలలో తీశారంట?

ఎప్పటినుంచో రాద్దామనుకుంటూ వాయిదా వేస్తున్నాం. కొంచెం పొడుగే, ఓపికగా చదవండి.

భూమి పండుగకి హాస్టళ్ళ నుంచి ఊరికి వచ్చాం మేం నలుగురం. ఆ రాత్రి పెద్దయ్య రేషన్ కార్డు, ఆధార్ పెట్టుకునే కవర్లోంచి ఒక కాగితం తీసి, "ఇదేందో చూడండ్రా" అన్నాడు. పోడు పట్టా కోసం పెట్టుకున్న దరఖాస్తుని డివిజన్ స్థాయి కమిటీ తిరస్కరించింది. కారణం ఒక్కటే లైను: ఉపగ్రహ చిత్రంలో సాగు కనిపించలేదు.

ఇక్కడ మా తప్పు ఒప్పుకోవాలి. మాలో ఇద్దరం బీఎస్సీ. "పెద్దయ్యా, శాటిలైట్ అబద్ధం చెప్పదు" అనేశాం. ఆయన కోప్పడలేదు. చుట్ట ఆర్పి, "ఆ ఫొటో ఏ నెలలో తీశారంట?" అన్నాడు.

కాగితం తిరగేసి చూశాం. నెల లేదు, సంవత్సరం లేదు, ఏ ఉపగ్రహమో కూడా లేదు. మూడేళ్ళు డిగ్రీ చదివిన మాకు రాని ప్రశ్న బడికే పోని ఆయనకి వచ్చింది. సిగ్గేసింది.

తర్వాత వారం రోజులు ఫోన్లో సిగ్నల్ దొరికే బండ మీద కూర్చుని అదే చదివాం. ల్యాండ్‌శాట్ లాంటి ఉపగ్రహం ఫొటోలో ఒక్కో చుక్క నేల మీద 30 మీటర్లు పొడవు, 30 మీటర్లు వెడల్పు. అంటే ఎకరానికి నాలుగున్నర చుక్కలే. పెద్దయ్య చేను రెండెకరాలు, మొత్తం తొమ్మిది చుక్కలు. అందులో ఆయన కొట్టకుండా వదిలిన ఇప్ప చెట్లు, తునికి చెట్లు ఉన్నాయి. ఇప్ప చెట్టు ఎవరు కొడతారు చెప్పండి? చుక్క సగం చెట్టు నీడే అయితే అది అడవిలాగే కనబడుతుంది. పైగా జొన్న, కంది పచ్చగా ఉండే వానాకాలంలో మబ్బులు, మామూలు కెమెరాకి నేల కనపడదు. మబ్బు లేని ఎండాకాలంలో తీస్తే చేలో పంటే ఉండదు, చెట్లే ఉంటాయి. ఒక్కో ముక్కని రెండు మూడేళ్ళు బీడు పెట్టడం కూడా ఉంది కదా, ఆ ఏడు ఫొటో తీస్తే ఇంకేం కనపడుతుంది. ఫొటో అబద్ధం చెప్పలేదు, నిజమే. కానీ దాన్ని అడిగిన ప్రశ్నే తప్పు.

ఇక చట్టం. ఆర్‌ఓఎఫ్‌ఆర్ అంటే మాకు పరీక్ష బిట్టు: 2006, గరిష్ఠంగా 4 హెక్టార్లు, 2005 డిసెంబర్ 13 కటాఫ్. అంతవరకే. ఈసారి నియమాలు లైను లైను చదివితే 2012లో సవరించిన వాటిలో స్పష్టంగా ఉంది: ఉపగ్రహ చిత్రం మిగతా ఆధారాలకి తోడుగా పనికొస్తుంది గానీ వాటి స్థానంలో చెల్లదు. ఊరి పెద్దల వాంగ్మూలం రాసి పెడితే అదీ ఆధారమే. పాత బావి, సమాధులు కూడా ఆధారమే. బిట్ల పుస్తకంలో ఇవేవీ లేవు, ఎందుకంటే ఇవి పరీక్షలో అడగరు.

మమ్మల్ని భయపెట్టింది తేదీ. నిర్ణయం జరిగిన రోజు నుంచి 60 రోజుల్లో జిల్లా స్థాయి కమిటీకి అప్పీలు చేసుకోవాలి. కాగితం మీద తేదీ చూస్తే అప్పటికే 38 రోజులు పోయాయి. తిరస్కరణ కాగితం కదా, కవర్లో పడుంటే పోయేదేముంది అనుకోవద్దు. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, తిరస్కరించిన వాళ్ళని ఖాళీ చేయించమని చెప్పింది. అదే నెల 28న దాన్ని ఆపింది గానీ, ఆ రెండు వారాలు మన ఊళ్ళల్లో ఎవరికి నిద్ర పట్టింది?

గ్రామసభ పెట్టడానికి మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది. ఊళ్ళో రెండు పార్టీలు, ఒకళ్ళు వస్తే ఇంకొకళ్ళు రారు. సగం మంది సభ్యులు ఉండాలి, వచ్చినవాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు ఉండాలి. చివరికి కోరం నింపింది మన అక్కలు, అవ్వలే. పొద్దున ఆకు కోతకి పోయి, మధ్యాహ్నం తిరిగొచ్చి కూర్చున్నారు. మగవాళ్ళు జెండాల గురించి కొట్లాడుతుంటే ఒక అవ్వ లేచి, "ముందు చేను సంగతి చూడండి, తర్వాత తన్నుకోండి" అంది.

52వ రోజు అప్పీలు ఇచ్చాం, రసీదు తీసుకున్నాం. రసీదు తప్పకుండా తీసుకోండి తమ్ముళ్ళూ, "తర్వాత ఇస్తాం" అంటే అక్కడే కూర్చోండి. ఇంకా పిలుపు రాలేదు.

మొన్న పెద్దయ్య తన వాంగ్మూలం మళ్ళీ చదివి వినిపించమన్నాడు. చదివాం. కళ్ళు మూసుకుని విని, ఒకచోట చెయ్యెత్తి ఆపాడు. వాళ్ళ నాన్న సమాధి మామిడి చెట్టు కింద అని రాశాం. "మామిడి కాదురా, ఇప్ప" అన్నాడు. ఆ ఒక్క మాట దిద్దిన కాగితం ఇవ్వడానికి సోమవారం మళ్ళీ పోతున్నాం.