మంచులో మొగిలి ఘాటు

చిత్తూరు నుంచి పలమనేరుకు నలభై కిలోమీటర్లు. బస్సులో కునుకు తీసి లేచేలోపు ఊరొచ్చేస్తుంది. గేర్ల సైకిలు మీద, అదీ పుష్యమాసం తెల్లవారుజామున, ఒంటరిగా తొక్కితేనే ఈ దారి ఎంత ఎత్తుకు పోతోందో తెలిసేది. చిత్తూరు సముద్రమట్టానికి 300 మీటర్ల పైచిలుకు, పలమనేరు దాదాపు 680. ఆ తేడా కాళ్లకు గట్టిగా తగిలేది నడుమ మొగిలి అనే ఊరు దాటాకే.

బంగారుపాళ్యం దాకా చెప్పుకోవాల్సిందేమీ లేదు. తోతాపురి తోటలు, సీజను కాక తాళాలు పడ్డ గుజ్జు ఫ్యాక్టరీలు, హైవే దాబాలు. మామిడి రైతు గోడు ఎత్తుకుంటే ఇక ఘాటెక్కలేను, వదిలేస్తాను.

మొగిలీశ్వరుడి ఊళ్లో టీ తాగుతుంటే కొట్టు పెద్దాయన నన్నూ సైకిలునూ మార్చి మార్చి చూశాడు. "ఒక్కడివే పోతా ఉండావా నాయనా? రేత్రి ఏనుగులు దిగినాయంట. ఎలుతురొచ్చినాక పోరాదా?" పలమనేరులో పెరిగినవాణ్ణి, ఈ మాట వినని చలికాలం లేదు. గ్లాసు పెట్టేసి బయల్దేరాను.

రెండు మలుపులు తిరిగేసరికి మంచు ముంచేసింది. హ్యాండిల్ మీద, ఊలు గ్లవుజుల మీద, కనుబొమల మీద సన్నటి నీటి పూసలు. కళ్లద్దాలు తీసి జేబులో వేసుకున్నాను. పక్కనున్న డివైడరు కూడా ఆనడం లేదు. అలాంటప్పుడు ముక్కే దిక్కు. అవతలి వైపు దిగే లారీ కనబడకముందే మాడిన బ్రేకు లైనర్ల వాసన వస్తుంది, ఆ తర్వాత హారను, ఆఖరున పసుపు దీపాలు. 2024 సెప్టెంబరు 13న ఈ ఘాటులోనే ఆర్టీసీ బస్సూ లారీలూ గుద్దుకుని జనం పోయారు. అది పట్టపగలు. ఈ మంచులో మాత్రం వేగం తగ్గించిన బండి ఒక్కటీ నన్ను దాటలేదు.

పైకి చేరాక రోడ్డు వార మట్టికుప్ప అనుకుని పక్కకు తిప్పబోయి ఆగాను. లద్దె. ఇంకా ఆవిరి పోతోంది. చెరకు పీచు, అరగని రాగి గడ్డి పోచలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. అడవిలో తిన్న తిండి కాదది, ఎవరిదో చేను. సైకిలు దిగి, గంట కొట్టకుండా, నడిపించుకుంటూ పోయాను.

ఏనుగులు ఇక్కడికి 1980లలో కర్ణాటక, తమిళనాడు అడవుల నుంచి వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ప్రకటించారు, 357 చదరపు కిలోమీటర్లు. పేరు ఇచ్చిన కౌండిన్య నది గుడియాత్తం వైపు దిగి పాలారులో కలుస్తుంది. ఏనుగుకు అభయారణ్యం హద్దు తెలియదు, రాగి చేను ఎక్కడుందో తెలుసు. దానికీ చేనుకూ నడుమ నాలుగు వరుసల రోడ్డు వేశాం. 2023 జూన్‌లో జగమర్ల క్రాస్ దగ్గర రాత్రిపూట రోడ్డు దాటుతున్న మూడు ఏనుగులను కూరగాయల బండి గుద్ది చంపేసింది. మూడు ఏనుగులను పడగొట్టాలంటే ఆ బండి ఎంత వేగంలో ఉండాలో మీరే ఊహించండి. ఆ క్రాస్ దగ్గర నిలబడితే నాకు ఒళ్లు మండుతుంది. కర్ణాటక 2025లో ఇచ్చిన కుంకీలు, అంటే తర్ఫీదు పొందిన ఏనుగులు, ఇప్పుడు ముసలిమడుగులో ఉన్నాయి. పొలాల్లో పడ్డ మందను అవి అడవికి మళ్లిస్తాయి, మంచిదే. లారీలను మళ్లించే కుంకీ ఎక్కడ? కర్ణాటకలోనే బండీపురం అడవి రోడ్డు మీద 2009 నుంచి రాత్రి రాకపోకలు ఆపేశారు. మన ఘాటు అలా మూసేయడం కుదరదు, ఒప్పుకుంటాను. కానీ ఆ కాసింత అడవి మేర రాత్రిళ్లు బండిని నలభై దాటనివ్వకుండా చూడటం కూడా కుదరదా? పైగా 262 కిలోమీటర్ల బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే కూడా ఈ మండలాల మీదుగానే వేస్తున్నారు.

పలమనేరు చేరేసరికి ఎండ పొడిచింది. ఊటీ తెలియని కాలంలో మద్రాసు దొరలు చలవకని వచ్చిన ఊరిది. గంటావూరులో మట్టి బొమ్మలు ఆరబెడుతున్నారు. నంగిలి దాటి ముళబాగిలు దాకా పోవాలనే బయల్దేరాను గానీ, టమోటా మండీ దగ్గర ఒక డ్రైవరుతో మాటల్లో పడ్డాను. ఘాటులో నలభై దాటకుండా పోతే నీకేం నష్టమన్నా అని అడిగాను.

"తెల్లారేలోగా మద్రాసు కోయంబేడు మార్కెట్లో దించల్ల సార్. గంట లేటయితే రేటు పడిపోతాది. ఓనరు నన్ను అడుగుతాడా, ఏనుగుని అడుగుతాడా?"

నేనింకా ఏదో అనబోతుంటే క్లీనరు పిలిచాడు. బండికి అప్పటికే సగం క్రేట్లు ఎక్కించేశారు.