మొహర్ వేసిన ఖాళీ కాగజ్

మా తిరువూరు నుంచి కొండపల్లి కిల్లాకి పోవడం తేలికే, మైలవరం మీదుగా బస్సు. చిన్నప్పుడు అబ్బాతో వెళ్తే దర్గా దర్వాజా దగ్గర ఫాతెహా, కింద ఊళ్ళో ఒక పొణికి బొమ్మ, సాయంత్రానికి ఇంటికి వాపస్. కిల్లా అంటే మాకంతే.

మొన్న నా బేటీని తీసుకెళ్ళాను. "యే కిస్కా కిల్లా హై అబ్బా?" అనడిగింది. ఏం చెప్పను? 14వ శతాబ్దంలో కట్టింది కొండవీటి రెడ్లు. ఆ తర్వాత గజపతులు, బహమనీలు, రాయలవారు, కుతుబ్‌షాహీలు, మొగలులు. 1766లో కుంపెనీ పటాలం ఎక్కింది. రాణీవాసం ఉన్న కొండమీద సిపాయిల బారకాసులు లేచాయి, దొరల సమాధులూ లేచాయి. ఇప్పుడు టికెట్టు కొనుక్కుని సెల్ఫీలు దిగుతున్నాం. ఎవరిదని చెప్పాలి?

నాకు మాత్రం అక్కడికెళ్తే మహమూద్ గవాన్ గుర్తొస్తాడు. గీలాన్ నుంచి వచ్చి బహమనీ సల్తనత్‌కి వజీరైన మనిషి. బీదర్‌లో మదర్సా కట్టించింది ఆయనే. 1481లో సుల్తాన్ మూడో మహమ్మద్ షా మకాం కొండపల్లిలో ఉంది. దర్బారులో గిట్టనివాళ్ళు గవాన్ మొహర్ ఉండే గులాంకి బాగా తాగించి, ఖాళీ కాగజ్ మీద మొహర్ వేయించుకున్నారు. దండెత్తి రమ్మని ఒడిశా గజపతికి గవానే రాసినట్టు పైన రాసుకున్నారు. సుల్తాన్ ఆ కాగజ్ చూపించి నిలదీస్తే, మొహర్ నాదే, ఖత్ నాది కాదు అన్నాడట గవాన్. వినే ఓపిక సుల్తాన్‌కి లేదు. డెబ్బై దాటిన ముసలాయన తల అక్కడే తెగిపడింది. తర్వాత వెతికిస్తే ఇంట్లో దౌలత్ పెద్దగా దొరకలేదు. ఏడాది తిరక్కుండా సుల్తానూ పోయాడు, సల్తనత్ ముక్కలైంది.

మా అబ్బా ఈ తారీఖ్ ఏదీ చదవలేదు. ఆపా నిఖాకి అప్పు తెచ్చినప్పుడు, తెలిసినవాడే కదా అని ఖాళీ స్టాంపు కాగజ్ మీద దస్తఖత్ చేసిచ్చాడు. రెండేళ్ళకి దాని మీద మా మామిడితోట సగం అమ్మినట్టు రాత వచ్చింది. "దస్తఖత్ మేరా హీచ్ హై సాబ్, లిఖా సో మై నహీ" అని అదాలత్‌లో అబ్బా అంటుంటే, వెనక బెంచీ మీద నేను తల దించుకుని కూచున్నాను. ఇంత అమాయకుడేంటి మా అబ్బా అని సిగ్గేసింది. ఆ సిగ్గు నాకు చాలా ఏళ్ళుంది. గవాన్ సంగతి చదివాకే పోయింది. దేశాన్ని నడిపిన వజీరే ఒక కాగజ్ ముందు నిలవలేకపోయాడు, తోట చూసుకునే మా అబ్బా ఎంత!

బేటీకి ఈ రెండు కిస్సాలూ బురుజు నీడలో కూచోబెట్టి చెప్పాను. "దాదా తోట వాపస్ వచ్చిందా?" అంది. రాలేదు బేటా అన్నాను.

దిగేటప్పుడు దర్గా దగ్గర ఆగాం. అబ్బా పేరుతో పాటు గవాన్ పేరూ తలుచుకుని ఫాతెహా చదివాను.