నీళ్లు తాగిన ఆటపెట్టె

2021 సెప్టెంబర్ 1 రాత్రి ఐడా తుపాను తోకభాగం అమెరికా ఈశాన్య రాష్ట్రాలను ముంచెత్తింది. న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో ఒక్క గంటలో 3.15 అంగుళాల వాన పడింది. న్యూజెర్సీలోని న్యూఆర్క్‌లో ఆ ఒక్క రోజే 8.41 అంగుళాలు. ఆ రాష్ట్రంలో 30 మంది చనిపోయారు. ప్రాణాలతో బయటపడ్డవాళ్లకు మర్నాడు మిగిలిన పని ఒకటే. బేస్‌మెంట్లో నానిన సామానంతా మోసుకొచ్చి వీధి పక్కన గుట్ట పోయడం. సోఫాలు, కార్పెట్లు, పిల్లల బొమ్మలు, పెళ్లి ఆల్బమ్‌లు అన్నీ అందులోకే.

న్యూజెర్సీలో స్థిరపడిన కర్నూలు ఇంజనీరు ఒకాయన మాత్రం ఒక వస్తువును ఆ గుట్టలోకి వెళ్లనివ్వలేదు. నిలువెత్తు పెట్టె, బరువు వంద కిలోలకు పైమాటే. 1982లో మిడ్‌వే కంపెనీ విడుదల చేసిన 'మిస్ పాక్‌మన్' వీడియోగేమ్ యంత్రం అది. రాత్రంతా అడుగు లోతు మురుగు నీళ్లలో నిలబడింది.

దాన్ని ఆయన మొదట చూసింది బట్టలుతికే దుకాణంలో. 1998లో ఎంఎస్ చదవడానికి వెళ్లినప్పుడు అపార్ట్‌మెంట్ పక్కనున్న లాండ్రోమాట్‌లో డ్రయ్యర్ల వరసకు చివర ఉండేది. ఒక ఆటకు ఒక క్వార్టర్, అంటే పాతిక సెంట్లు. డ్రయ్యర్‌కూ క్వార్టర్లే వేయాలి. నెలాఖరున జేబులో మిగిలిన నాణేలు ఆటకా, బట్టలు ఆరడానికా అన్న ప్రశ్నకు ఆయన ఎంచుకున్న జవాబేమిటో ఆ చలికాలమంతా గదిలో హీటరు మీద వేలాడిన తడి జీన్స్ చెప్పేవి. 2006లో ఆ దుకాణం మూతపడుతుంటే పెట్టెను ఎవరు మోసుకుపోయినా చాలన్నాడు యజమాని. ఇద్దరు మిత్రులు, ఒక అద్దె వ్యాను, ఒక నడుం నొప్పి ఖర్చుతో అది ఇంటికి చేరింది.

అరుదైన వస్తువు కాబట్టి కాపాడుకున్నాడనుకుంటే పొరపాటు. మిస్ పాక్‌మన్ యంత్రాలు అమెరికాలో లక్షకు పైగా అమ్ముడయ్యాయి. ఆట కావాలంటే పాత యంత్రాల పనిని కంప్యూటర్ మీద అనుకరించే 'మేమ్' సాఫ్ట్‌వేర్ 1997 నుంచీ ఉంది. అరచేతిలో పట్టే ఒక బోర్డు కొంటే ఇలాంటి 60 ఆటలు ఒకేచోట దొరుకుతాయి. పాత తెర తీసి ఎల్‌సీడీ పెట్టుకుంటే కరెంటూ తక్కువే. ఇంట్లో ఆవిడ చెప్పిందీ అదే. "ఏవండీ, మురుగునీళ్లు తాగిన చెక్క అది. పిల్లలున్న ఇల్లు. పారేసి మరొకటి తెచ్చుకోండి."

ఆమె మాటలో పస ఉంది. తడిసిన వస్తువు 24 నుంచి 48 గంటల్లో ఆరకపోతే బూజు పడుతుందని అక్కడి పర్యావరణ శాఖ చెబుతుంది. పార్టికల్ బోర్డు అంటే రంపపు పొట్టును జిగురుతో అదిమి చేసిన పలక. నీళ్లు తాకితే టీలో ముంచిన బిస్కెట్టులా ఉబ్బుతుంది. ఆరాక కూడా పాత మందానికి రాదు. పెట్టె అడుగుభాగం సరిగ్గా అలాగే అయింది. అందుకే ఆయన బేరం ఒక్కటే పెట్టాడు: మురుగు తాకినంత మేరా కోసి పారేద్దాం, తాకనిది ఉంచుకుందాం. గ్యారేజీలో రెండు ఫ్యాన్లు పెట్టి, మాస్కూ చేతి తొడుగులూ వేసుకుని పని మొదలుపెట్టాడు.

మొదటి పని చెక్కతో కాదు, పిక్చర్ ట్యూబుతో. ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా ఆ గాజు బుడ్డిలో వేల వోల్టుల విద్యుత్తు నిలిచి ఉండొచ్చు. ఒక స్క్రూడ్రైవరుకు తీగ కట్టి, దాని రెండో కొస యంత్రం లోహపు చట్రానికి తగిలించి, ట్యూబు మీది రబ్బరు మూత కిందికి మెల్లగా దూర్చాలి. రెండో చెయ్యి వీపు వెనక పెట్టుకోవాలి, పొరపాటున షాక్ కొట్టినా అది గుండె మీదుగా ప్రవహించకుండా. చిటుక్కుమంటే అందులో ఉన్నది దిగిపోయినట్టు. ఈ రకం ట్యూబుల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. చెక్కకు చెక్క దొరుకుతుంది, పగిలిన ట్యూబుకు ట్యూబు దొరకడం అదృష్టం.

అడుగున బిగించిన బరువైన ట్రాన్స్‌ఫార్మర్ రాత్రంతా నీళ్లలోనే ఉంది. దాన్ని కడిగి వారాల తరబడి ఆరబెట్టాడు. ఆట బోర్డు ఎత్తున ఉండడంతో నీరు అందలేదు, తేమ అందింది. తీగల గుత్తి వచ్చి కలిసేచోట రాగి మీద పచ్చగా చిలుము. అసలు ఈ జాతి యంత్రాలకు అది పుట్టుకతో వచ్చిన బలహీనత. ఏసీ కరెంటును డీసీగా మార్చే పని బోర్డు మీదే జరుగుతుంది కాబట్టి ఆ కనెక్టరు ఏళ్ల తరబడి వేడెక్కి మాడుతుంది. స్పిరిట్‌తో తుడిచి, కనెక్టరు మార్చి, తెర వెనక ఉన్న పాత కెపాసిటర్లను ఒక్కొక్కటే విప్పి కొత్తవి అతికేసరికి దసరా వెళ్లిపోయింది. నాణేల తలుపు తాళం తుప్పుకు బిగుసుకుపోయింది. డ్రిల్లుతో తొలిచి తీస్తే లోపల బురదలో మూడు క్వార్టర్లు.

చెక్క పని దగ్గరే ఆయన ఆగిపోయాడు. ఎక్కడ కోయాలి? కోసి అతికాక పెట్టె మొత్తానికీ కొత్త రంగు వెయ్యాలా? పాతవాటిని కార్ఖానా నుంచి అప్పుడే దిగినట్టు తయారుచేసే అభిమానులు అమెరికాలో చాలామందే ఉన్నారు. పక్కపలకల బొమ్మలకు స్టెన్సిళ్లు, బటన్ల పలక మీది స్టిక్కరు, నాణేల తలుపు, అన్నీ కొత్తగా అచ్చుపోసి అమ్మేవాళ్లూ ఉన్నారు. వాళ్ల పెట్టెలు తళతళలాడతాయి, కాదనలేం. నిజానికి 1982లో కార్ఖానాలో కూడా అంత నున్నటి పెట్టె తయారై ఉండదు. స్టెన్సిల్ అంచు దాటి చిందిన రంగు అప్పటి యంత్రాల మీద మామూలే.

కర్నూలు నుంచి వీడియో కాల్‌లో తల్లి ఈ కోతకు సిద్ధమైన పెట్టెను చూసింది. "పైనంతా బాగుంది గదా నాయనా, కింద కుళ్లింది కోసేస్తే సరిపాయ" అంది. ఆమెకు ఇది తెలిసిన పనే. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు ఆమె టేకు బీరువా నడుము దాకా మునిగింది. కొడుకు డబ్బు పంపుతానన్నా కొత్తది కొనలేదు. వడ్రంగి వచ్చి ఉబ్బిన అడుగు పలకలు తీసి వేరే చెక్క వేశాడు. పాలిష్ ఎంత పెట్టినా రెండూ కలవలేదు. పైన తేనె రంగు, కింద కాఫీ రంగు. ఆ బీరువాలో ఇప్పటికీ పట్టుచీరలే ఉన్నాయి.

ఆయన రెండు పక్కలా ఒకే ఎత్తులో గీత గీసి, రంపంతో కోసి, కింద ప్లైవుడ్ ముక్కలు చెక్క మేకులతో, జిగురుతో అతికాడు. సందులు పూడ్చి నునుపు చేశాడు. కొత్త ముక్కలకు మాత్రమే నీలం రంగు వేశాడు. నాలుగు దశాబ్దాలు వెలిసిన పాత నీలం పక్కన అది కలవలేదు. కలవదని వేసేముందే తెలుసు.

అతుకు అంటే ముఖం చిట్లించే శుద్ధవాదులకు చెప్పాల్సిన సంగతి ఒకటుంది. మిస్ పాక్‌మన్ పుట్టిందే అతుకుగా. జనరల్ కంప్యూటర్ అనే చిన్న సంస్థలోని కాలేజీ వయసు కుర్రాళ్లు, నామ్కో వారి పాక్‌మన్ యంత్రానికి తగిలించుకునేలా ఒక అదనపు బోర్డు తయారుచేసి మిడ్‌వేకు అమ్మారు. ఇప్పటికీ మూత తీసి చూస్తే లోపల ఉన్నది పాక్‌మన్ బోర్డే. దాని ప్రాసెసరు పీకేసిన గుంతలోంచి ఒక పట్టీ తీగ పక్కనున్న చిన్న బోర్డుకు వెళుతుంది.

బటన్ల పలక మీది స్టిక్కరును ఆయన ముట్టుకోలేదు. ఎర్ర గుండు జాయ్‌స్టిక్‌కు రెండు వైపులా అరచేతులు ఆనిన చోట రంగు అరిగిపోయింది. అంచున నాలుగు సిగరెట్ కాలిన మచ్చలు. బట్టలు ఆరేదాకా ఎవరెవరో నిలబడి, చేతిలోది అక్కడ ఆనించి ఆడారు. వాళ్ల స్కోర్లు యంత్రానికి గుర్తుండవు. కరెంటు తీసేస్తే అత్యధిక స్కోరు చెరిగిపోతుంది, మర్నాడు మళ్లీ సున్నా. వాళ్లు వచ్చి వెళ్లిన గుర్తు ఆ మచ్చలొక్కటే. అవి కడిగితే పోయేవి కావు, స్టిక్కరు మారిస్తే పోతాయి.

2022 మార్చిలో ఒక ఆదివారం ప్లగ్గు పెట్టాడు. తెర నిండా తలాతోకా లేని అక్షరాలు పరుచుకున్నాయి. ఆవిడ గడపలోంచి చూసి "పోయిందా?" అంది. పోలేదు. స్విచ్చు వేయగానే యంత్రం తన జ్ఞాపకశక్తిని తానే పరీక్షించుకునే తీరది. కాసేపటికి గళ్లు వచ్చాయి, తర్వాత ఆట పేరు. ఇప్పుడది బేస్‌మెంట్లో లేదు, హాల్లో మెట్ల పక్కన ఉంది. అడుగున మరలు తిప్పి రెండంగుళాలు పైకి లేపాడు. నాణేల తలుపుకు కొత్త తాళం వేశాడు. దాని చెవి ఆవిడ దగ్గరుంది.