ఐదొందల అడుగుల కింద

ఒక అక్టోబరు రాత్రి హైదరాబాద్ నుంచి గన్నవరం వెళ్తున్నాం. నేను ఫస్ట్ ఆఫీసర్‌ని, కొత్తవాణ్ణి. విమానం నడుపుతున్నది కెప్టెన్ మేడమ్. నా పని గమనించడం, తేడా వస్తే చెప్పడం.

బయల్దేరే ముందే ఆవిడ చెప్పేశారు. "గన్నవరం మీద ఉరుముల వాన ఉంది. దిగడం కుదరకపోతే వెనక్కి వచ్చేద్దాం, ఇంధనం అందుకు సరిపడా వేయించాను. నువ్వు గో అరౌండ్ అంటే ఎందుకని అడగను. ముందు పైకి లేపుతాను."

ముప్పును ముందే మాట్లాడుకోవడం, ఒకరి పని ఒకరు సరిచూసుకోవడం, పరిస్థితి మారితే అడిగి ప్లాన్ మార్చుకోవడం. థ్రెట్ అండ్ ఎర్రర్ మేనేజ్‌మెంట్ పాఠంలో ఇవన్నీ చదివాను, పరీక్షలో రాశాను.

వెయ్యి అడుగుల దగ్గర అన్నీ సరిగ్గా ఉన్నాయి. "స్టేబుల్" అన్నాను. ఐదొందలు దాటాక వాన అద్దాన్ని కప్పేసింది. వైపర్లు ఆడుతున్నా రన్‌వే దీపాలు అలుక్కుపోయాయి. వేగం పడిపోతోంది. దిగే రేటు నిమిషానికి వెయ్యి అడుగులు దాటింది. "సింక్ రేట్" అన్నాను. ఆవిడ సరిచేస్తున్నారు. అంకె తగ్గలేదు.

నోరు ఎండిపోయింది. ఇంత అనుభవం ఉన్న మనిషికి నేను చెప్పేదేంటి అనిపించింది. రాయడానికి సిగ్గుగా ఉంది. 2010 మే 22న మంగళూరులో కో పైలట్ మూడుసార్లు గో అరౌండ్ అన్నా విమానం దిగిపోయింది, 158 మంది పోయారు. అది నాకు తెలుసు. కానీ అప్పుడు గుర్తొచ్చింది అది కాదు, మేడమ్ ఇచ్చిన మాట.

"గో అరౌండ్." గొంతు చిన్నగానే వచ్చింది. ఆవిడ వెంటనే పవర్ పెంచారు. విమానం పైకి లేవడం చూసి "పాజిటివ్ రేట్" అన్నాను. "గేర్ అప్" అన్నారు. లీవర్ మీద నా చెయ్యి వణికింది.

పైకొచ్చాక ఇంకోసారి చూద్దామా అన్న ఆశ నాకే పుట్టింది. "ఇంధనం చదువు" అన్నారు ఆవిడ. చదివాను. రాడార్‌లో రన్‌వే మీద ఎరుపు కదల్లేదు. వెనక్కి హైదరాబాద్‌కి తిరిగాం.  

దిగాక మేడమ్ అడిగారు, "సింక్ రేట్ తర్వాత ఎందుకు ఆగావు?" ఉన్నదున్నట్టు చెప్పాను. "దీపాలు వెతుక్కుంటూ నేను వేగం చూడలేదు. నువ్వు అనకపోతే ఇంకా దిగేదాన్ని" అన్నారు. ఆ మాటకి నిద్ర పట్టలేదు.

మళ్లీ ఎక్కడానికి భయమేసింది. ఆ సంగతి ఇన్‌స్ట్రక్టర్‌కి చెప్పాను. ఆయన తిట్టలేదు. సిమ్యులేటర్‌లో అదే వాన పెట్టి, తడుముకోకుండా మాట వచ్చేదాకా కూర్చోబెట్టారు. ఇప్పటికీ వానలో దిగేటప్పుడు నోరు ఎండుతూనే ఉంది.