సాగర్ దారిలో... ఆగని బండి!

ఆదివారం పొద్దున. వనస్థలిపురంలో ఓ ఇల్లు. పులిహోర డబ్బా, మజ్జిగ సీసా, పిల్లల బంతి... అన్నీ కారెక్కాయి. నాగార్జునసాగర్ చూసి రాత్రికల్లా తిరిగి వచ్చేయాలని ఆలోచన. కారేమో దాదాపు ఇరవై ఏళ్లనాటి మారుతీ 800. తాతయ్య ఉద్యోగంలో ఉండగా కొన్నది. ఇప్పుడు స్టీరింగు కొడుకు చేతికొచ్చింది. తాతయ్య పక్క సీట్లో, కోడలూ ఇద్దరు పిల్లలూ వెనక.

ఈ కుటుంబం ఊహే. కారూ, దారీ, ప్రమాదమూ మాత్రం ఊహ కాదు. 1983 డిసెంబరులో మొదలై 2014లో ఉత్పత్తి ఆగిపోయేదాకా మారుతీ 800 ఎన్నో మధ్యతరగతి ఇళ్లకు మొదటి కారు. వాటిలో ఇప్పటికీ తిరుగుతున్నవి ఉన్నాయి. అమ్ముదామంటే పెద్దగా ధర రాదు. వదిలేద్దామంటే మనసొప్పదు.

బి.ఎన్.రెడ్డి నగర్ దాటి, తుర్కయంజాల్, రాగన్నగూడ మీదుగా బండి సాగింది. బొంగుళూరు దగ్గర 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు అడ్డంగా కనిపిస్తుంది. దాన్ని దాటితే ఊరి గాలి తగులుతుంది. ఇంజినీరింగ్ కాలేజీల బోర్డులు, వెంచర్ల జెండాలు, మధ్యమధ్య ఇంకా మిగిలిన చేలు. మంగల్‌పల్లి, శేరిగూడ... ఆ తర్వాత ఇబ్రహీంపట్నం. నగరం నుంచి 30 కిలోమీటర్ల దూరం. సాగర్ వెళ్లేవాళ్లలో చాలామందికి ఇది టీ తాగి ముందుకెళ్లిపోయే ఊరు.

ఆ టీ కోసమే వేగం తగ్గించాలనుకున్నాడు కొడుకు. ముందు ఆర్టీసీ బస్సు ఆగుతోంది. బ్రేకు మీద కాలేశాడు. పెడల్ మెత్తగా... అడుక్కంటా దిగిపోయింది. బండి మాత్రం పోతూనే ఉంది!

గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. 'అయ్యో' అనుకునేలోపే మూడు నాలుగు కార్ల పొడవు దాటిపోతుంది. ఆ క్షణాన చాలామంది చేసే పొరపాట్లు రెండు. తాళం చెవి తిప్పి ఇంజిన్ ఆపేయడం ఒకటి. చెవి పూర్తిగా వెనక్కి తిరిగితే స్టీరింగు లాక్ అయిపోవచ్చు. పవర్ స్టీరింగు ఉన్న బండైతే చక్రం బరువెక్కిపోతుంది. రెండోది, హ్యాండ్‌బ్రేకు ఒక్కసారిగా లాగేయడం. అది పనిచేసేది వెనక చక్రాల మీదే. అవి ఒక్కసారిగా బిగుసుకుంటే బండి అడ్డం తిరుగుతుంది.

"కాలు ఎత్తి మళ్లీ మళ్లీ తొక్కు బిడ్డా! గేరు తగ్గించు!" తాతయ్య గొంతు.

కొడుకు గబగబా పెడల్ తొక్కాడు. మూడోసారికి కాలి కింద కాస్త గట్టిదనం తగిలింది. నాలుగో గేరు నుంచి మూడుకు, మూడు నుంచి రెండుకు తెచ్చాడు. ఇంజిన్ కీచుమంటూనే బండిని వెనక్కి పట్టింది. హారన్ మోగుతూనే ఉంది. నాలుగు ఇండికేటర్లూ వెలిగాయి. కుడివైపు అద్దంలో ఎవరూ లేరని చూసుకుని బస్సును తప్పించాడు. తిరిగి ఎడమవైపు వచ్చాడు. హ్యాండ్‌బ్రేకు మీట బొత్తాం నొక్కి పట్టి కొంచెం కొంచెంగా లాగాడు. చక్రం జారుతోందనిపిస్తే వదలడం, మళ్లీ లాగడం. రోడ్డు పక్కన మెత్తటి మట్టి కనిపిస్తే బండిని అందులోకి దించాడు. ఎర్రదుమ్ము లేచింది. బండి ఆగింది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత చిన్నది అడిగింది... "తాతా, సాగర్ వచ్చేసిందా?"

తొక్కగా తొక్కగా పెడల్ కాస్త గట్టిపడింది కదా, మెల్లగా మెకానిక్ దాకా నడిపేద్దామనిపించడం సహజం. అక్కడే రెండో ప్రమాదం పొంచి ఉంటుంది. ఒకసారి మోసం చేసిన బ్రేకు మళ్లీ ఎప్పుడు చేస్తుందో తెలియదు. చక్రానికి రాయి అడ్డుపెట్టి, అందరూ రోడ్డుకు దూరంగా దిగి, మెకానిక్‌నే పిలిపించుకోవాలి. లేదా బండిని ఎత్తి తీసుకెళ్లే వాహనం కోసం ఆగాలి. ఈ కుటుంబమూ అదే చేసింది.

మెకానిక్ వెనక చక్రం విప్పి డ్రమ్ము లాగాడు. లోపలంతా జిడ్డు. వీల్ సిలిండర్లో రబ్బరు కప్పు అరిగిపోయి, బ్రేక్ ఆయిల్ కారి లైనర్లు తడిసిపోయాయి. కాలితో తొక్కిన బలాన్ని చక్రందాకా మోసుకెళ్లేది ఆ ఆయిలే. ఇలాంటి కార్లలో దానికి రెండు పాయలుంటాయి. ఒకటి కారిపోయినా రెండోది సగం బలంతోనైనా ఆదుకోవాలని ఆ ఏర్పాటు. గబగబా తొక్కినప్పుడు కాలికి తగిలిన గట్టిదనం ఆ రెండో పాయదే.

డబ్బాలో మిగిలిన ఆయిల్ నల్లగా ఉంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ చేరాక ఆ హద్దు 140 డిగ్రీల దగ్గరికి పడిపోవచ్చు. పొడవాటి దిగుడులో బ్రేకు మీదే కాలుంచితే ఆ వేడికి ఆయిల్ మరిగి ఆవిరి బుడగలొస్తాయి. బుడగ నొక్కుకుపోతుంది తప్ప బలాన్ని మోయదు. అందుకే రెండేళ్లకోసారి ఆయిల్ మార్చాలంటారు. దిగుడులో న్యూట్రల్ చేయకుండా చిన్న గేరులో దిగమనేదీ అందుకే.

"మొన్న చెప్పాను కదండీ, వెనక చక్రం దగ్గర నేల తడిగా ఉందని" అంది కోడలు మెల్లగా.

చెప్పింది నిజమే. "ఏసీ నీళ్లులే" అనేశాడాయన. ఏసీ నీళ్లు కారేది బండి ముందుభాగం కింద. వేలితో తాకితే ఉత్త నీళ్లే. వెనక చక్రం లోపలివైపు జిడ్డుగా తగిలితే అది వేరే సంగతి. పెడల్ రోజురోజుకూ కిందికి దిగడం, డబ్బాలో ఆయిల్ తరచూ తగ్గడం, తొక్కితే బండి ఓ పక్కకు లాగడం, డ్యాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలగడం... బ్రేకు హఠాత్తుగా పోయిందంటాం గానీ, చాలాసార్లు అది వారాల ముందే చెబుతుంది. వినేవాళ్లు ఉండాలంతే.

సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ముగుస్తుంది. తనిఖీ చేయించి ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవాలి. కానీ ఆ కాగితం తనిఖీ నాటి సంగతే చెబుతుంది. ఈ ఉదయం సంగతి చెప్పాల్సింది పెడలే. తాళం తిప్పాక, కదలకముందే ఓసారి తొక్కి పట్టుకుంటే తెలిసిపోతుంది... గట్టిగా నిలుస్తోందా, మెల్లగా జారుతోందా అని.

సామాను తెచ్చి బిగించేసరికి రెండు గంటలు. ఈలోగా తాతయ్య పిల్లల్ని పెద్దచెరువు కట్ట మీదికి తీసుకెళ్లాడు. గోల్కొండను 1550 నుంచి 1580 దాకా ఏలిన ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలపు చెరువిది. ఊరికి పేరూ ఆయనదే. తెలుగు కవులు ఆయన్ని మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానం' అంకితమిచ్చింది ఆయనకే. హుస్సేన్‌సాగర్ కూడా ఆ కాలానిదే.

"ఇంత నీళ్లొస్తే కట్ట తెగిపోదా తాతా?" మనవడి సందేహం.

"పొలాలకు నీళ్లిచ్చేందుకు తూము ఉంటది. నీళ్లు మరీ ఎక్కువైతే బయటికి పోయేందుకు అలుగు ఉంటది. రోజూ పనికొచ్చేది తూము. ఆపదలో కట్టను కాపాడేది అలుగు. మన కారుకు హ్యాండ్‌బ్రేకు అసుంటిదేరా. అలుగు బాగుందో లేదో వాన రాకముందే చూసుకోవాలె."

తిరిగొచ్చేసరికి చివరి పని జరుగుతోంది. గొట్టాల్లో చేరిన గాలి తీయాలి. దానికి ఇద్దరుండాలి. స్టీరింగు ముందు కోడలు కూర్చుంది. "తొక్కండమ్మా... పట్టుకోండి... ఆ, వదలండి" అంటూ చక్రం దగ్గర మెకానిక్. బుడగలు ఆగి ఆయిల్ తేటగా వచ్చేదాకా ఒక్కో చక్రం దగ్గరా అదే మాట. చివరికి ఆమె కాలి కింద పెడల్ రాయిలా నిలిచింది.

"ఇంక దిగట్లేదు" అంది.

"ఇకముందు నువ్వు తడి ఉందంటే వంగి చూస్తాను" అన్నాడాయన.

సాగర్ వెళ్లే పొద్దు దాటిపోయింది. పులిహోర డబ్బా చెరువు కట్ట మీదే తెరుచుకుంది. పిల్లల బంతి అక్కడే ఎగిరింది. ఇంటికి బయల్దేరే ముందు కొడుకు తాళం తిప్పి, పెడల్ తొక్కి, పది అంకెలు లెక్కపెట్టాడు. పక్క సీట్లోంచి తాతయ్య తల ఊపాడు. బండి అప్పుడే కదిలింది.